ర్యాంకుల ఓటు గురించి జనానికి చెప్పాం సరే, ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: మీ నగరంలో వచ్చే ఏడాది నుంచి కౌన్సిల్ ఎన్నికలు ర్యాంక్డ్ చాయిస్ పద్ధతిలో జరగబోతున్నాయి (ఓటరు అభ్యర్థులను ఇష్టాన్ని బట్టి వరస పెడతాడు, వెనకబడినవాళ్లు ఒక్కో రౌండులో తప్పుకుంటుంటే వాళ్ల ఓట్లు తర్వాతి ర్యాంకు పేరుకి వెళ్తాయి). ఓటర్లకు అవగాహన కల్పించడానికి మీ సంఘానికి చిన్న గ్రాంటు వచ్చింది. ఆ పని ఫలించిందా లేదా అని చివర్లో రిపోర్టు ఇవ్వాలి. ఎన్ని మీటింగులు పెట్టాం, ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచాం అని రాస్తే సరిపోతుందా, ఇంకేమైనా కొలవాలా?

ఆ మూడూ రాయండి, గ్రాంటు ఇచ్చినవాళ్లు ఎలాగూ అడుగుతారు. కానీ అది మీరు పడ్డ కష్టానికి లెక్క. ఓటరుకు ఏం తెలిసిందో చూడాలంటే బ్యాలెట్ దగ్గరికి వెళ్లాలి. వెళ్లాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. బ్యాలెట్ మీద తప్పు తగ్గితే అది మీ శిక్షణ గొప్పా, కాగితం డిజైన్ గొప్పా, తప్పు చేస్తే వెనక్కి తోసే మెషీన్ గొప్పా? ఈ మూడింటినీ విడదీయని రిపోర్టులు నేను చాలా చదివాను. ఒకటి నేనే రాశాను కూడా. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ తేడా నాకు మొదట కనిపించింది నల్లగొండ జిల్లాలో. అప్పట్లో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. శాసన మండలి మళ్లీ వచ్చాక 2007లో జరిగిన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికకు కౌంటింగ్ డ్యూటీ పడింది. ప్రాధాన్య ఓటు అంటే తెలుసుగా, పేరు ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. ఇచ్చిన వంకాయ రంగు స్కెచ్ పెన్నుతోనే వేయాలి. మా టేబుల్ మీదికి వచ్చిన కాగితాలు చూస్తే ఒకదాని మీద టిక్కు. ఒకదాని మీద అంకె బదులు "ఒకటి" అని అక్షరాలు. ఒకాయన ఇద్దరికీ 1 వేశాడు, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేనట్టు. ఇంకొకాయన ముత్యాల్లాంటి చేతిరాతతో 1, 2, 3 వేసి, కింద సంతకం పెట్టాడు. పరీక్ష పేపర్ దిద్దే మాస్టారేమో అనుకున్నాం. అన్నీ చెల్లని కట్టలోకే పోయాయి. ఓటేసిన వాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లే.

ఇది పాత ముచ్చట అనుకోకండి. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది, వరంగల్-ఖమ్మం-నల్లగొండ స్థానంలో 71 మంది పోటీ చేశారు. దినపత్రిక సైజు బ్యాలెట్లు. రెండు చోట్లా 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. పార్టీలు ఫంక్షన్ హాళ్లలో నమూనా బ్యాలెట్లు పెట్టి మరీ నేర్పించాయి, పేపర్లు "ఓటు ఇలా వేయండి" అని బొమ్మలు వేశాయి. అయినా అంతే. పట్టభద్రులనే అనడం దేనికి, 2022 రాష్ట్రపతి ఎన్నికలో 15 మంది ఎంపీల ఓట్లు చెల్లలేదు. అదీ ప్రాధాన్య ఓటే.

ఇప్పుడు న్యూయార్క్ చూడండి. నేను క్వీన్స్‌లో ఉంటాను, 2021లో అక్కడే వాలంటీరుగా శిక్షణ ఇచ్చాను. ఆ జూన్ 22న మేయర్ పదవికి డెమోక్రటిక్ ప్రైమరీ, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. 13 మంది అభ్యర్థులు, ఐదుగురి వరకు ర్యాంకు ఇవ్వొచ్చు. నగరవ్యాప్తంగా ఈ పద్ధతి మొదటిసారి వాడింది అప్పుడే. తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి. టాక్సీ డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన ముసలివాళ్లు అందరూ వేశారు. మేయర్ ఓటు చెల్లకుండా పోయినవి ఒక శాతం లోపే.

అంటే న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ మన గ్రాడ్యుయేట్ కంటే తెలివైనవాడా? ఆ మాట అనలేం. అవగాహన కార్యక్రమం అద్భుతంగా జరిగిందా? ఆ మాట కూడా అంత తేలిగ్గా అనలేం. అక్కడ అంకె రాయక్కర్లేదు, గడిలో ఉన్న సున్నాను నల్లగా నింపాలి. సంతకం పెడితే పడే చోటే లేదు. ఒకే ర్యాంకు ఇద్దరికి ఇస్తే స్కానర్ బీప్ కొట్టి, సరిచేసుకుంటారా అని అడుగుతుంది, కొత్త బ్యాలెట్ తీసుకోవచ్చు. ఒక ర్యాంకు ఖాళీగా వదిలేస్తే దాని తర్వాతది లెక్కలోకి వస్తుంది తప్ప ఓటు పోదు. మన ఎమ్మెల్సీ ఎన్నికలో 1 లేకపోతే కాగితమే చెల్లదు. నియమం కఠినంగా ఉంటే ఎంత నేర్పినా తప్పులు కనిపిస్తాయి. నియమం ఉదారంగా ఉంటే ఏమీ నేర్పకపోయినా కనిపించవు. మీ రిపోర్టులో "చెల్లని ఓట్లు ఇంత తక్కువ, కాబట్టి మా శిక్షణ ఫలించింది" అని రాసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

విడదీయడానికి ఒక దారి ఉంది. పోలింగ్ కేంద్రంలో వేసిన బ్యాలెట్‌ను స్కానర్ ఆపుతుంది. పోస్టులో వచ్చినదాన్ని ఆపేవాళ్లు ఉండరు. చాలా నగరాలు ఎన్నిక అయ్యాక ఒక్కో బ్యాలెట్ మీద ఏ గడి నింపారన్న డేటాను, పేర్లు లేకుండా, ప్రజలకు పెడతాయి. దాన్ని కాస్ట్ వోట్ రికార్డ్ అంటారు. మీ నగరంలో ఆ డేటా పోస్టు ఓట్లనూ నేరుగా పడ్డవాటినీ విడిగా చూపిస్తే, ఓవర్‌వోట్ (ఒకే ర్యాంకుకి ఇద్దరు) రెండింట్లో ఎంతెంత ఉందో చూడండి. పోస్టు ఓట్లలో ఎక్కువ ఉంటే ఆ తేడాలో చాలావరకు మెషీన్ చేసిన సాయం. పోస్టు ద్వారా వేసేవాళ్లు వయసులో పెద్దవాళ్లు కావొచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఎన్నికల ఆఫీసుకి ఇప్పుడే ఒక ఉత్తరం రాసి, ఈ డేటా ఏ రూపంలో, ఎప్పుడు ఇస్తారో అడగండి. ఎన్నిక అయ్యాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

సరే, డేటా చేతికొచ్చింది. అందులో ఏది అజ్ఞానం, ఏది ఓటరు ఇష్టం? జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఒక్కరికే ఓటేసి మిగతావి ఖాళీగా వదిలేసినవాళ్లను "అర్థంకాని ఓటర్లు" కింద రాసేస్తారు. అది అన్యాయం. నాకు ఒక్కరే నచ్చారు, మిగతావాళ్లు ఎవరొచ్చినా ఒకటే అనుకునే హక్కు ఓటరుకుంది. నా పక్కింటి పంజాబీ ఆయన పద్ధతి మొత్తం పూసగుచ్చినట్టు చెప్పి, చివరికి ఒక్కరికే వేశాడు. అదే పేరుని ఐదు వరసల్లోనూ నింపినవాళ్ల సంగతి వేరు. అక్కడ దాదాపు ఖాయంగా ఒక అపోహ ఉంది. దానివల్ల ఓటు చెడిపోదు, మొదటిది లెక్కలోకి వస్తుంది, మిగతావి ఉత్తవే. కాబట్టి చెల్లని ఓట్ల లెక్కలో ఇది కనబడదు. కానీ మీ శిక్షణ ఎక్కలేదనడానికి ఇంతకంటే మంచి గుర్తు బ్యాలెట్ మీద దొరకదు. మీ పట్టికలో దీనికి విడిగా ఒక కాలమ్ పెట్టండి.

ఇక మురిగిపోయిన బ్యాలెట్లు, అంటే ర్యాంకు ఇచ్చినవాళ్లంతా తప్పుకోవడంతో చివరి రౌండుకి చేరనివి. న్యూయార్క్‌లో 2021లో ఎరిక్ ఆడమ్స్ కాథరిన్ గార్సియా మీద 7,197 ఓట్లతో గెలిచాడు. చివరి రౌండుకి చేరని బ్యాలెట్లు దాదాపు లక్షా నలభై వేలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి "అవగాహన లోపం వల్ల ఫలితమే మారిపోయింది" అని అప్పుడు చాలామంది అన్నారు. నేనైతే అంత దూరం పోను. 13 మందిలో ఐదుగురినే ఎంచుకోమన్నప్పుడు, ఐదు గడులూ శ్రద్ధగా నింపినవాడి బ్యాలెట్ కూడా మురిగిపోవచ్చు. అయినా ఈ అంకెలో మీకు పనికొచ్చే భాగం ఒకటుంది: మురిగిన వాటిలో ఐదూ నింపినవి ఎన్ని, ఒకటీ రెండుతో ఆగినవి ఎన్ని, అవి ఏ పేటల నుంచి వచ్చాయి. ఒకటీ రెండుతో ఆగినవి ఒకే భాష మాట్లాడే పేటలో గుంపుగా ఉంటే అక్కడికి వెళ్లి మాట్లాడాలి.

అసలు ఆ పోటీ గడులే తాకకుండా వదిలేసిన బ్యాలెట్లూ ఉంటాయి. ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ 2024 నవంబరులో కొత్త పద్ధతికి మారింది. నాలుగు డిస్ట్రిక్టులు, ఒక్కోదాన్నుంచి ముగ్గురు సభ్యులు, ఆరుగురి వరకు ర్యాంకు. ఓటేసినవాళ్లలో దాదాపు ఐదో వంతు మంది కౌన్సిల్ పోటీని ఖాళీగా వదిలేశారు. ర్యాంకులు అర్థంకాకనా? డిస్ట్రిక్టుని బట్టి 16 నుంచి 30 మంది దాకా నిలబడ్డారు. ఆరుగురి గురించి చదవడానికే ఓపిక ఉండదు, ముప్పై మంది గురించి ఎవరు చదువుతారు? పైగా అదే రోజు అధ్యక్ష ఎన్నిక. ఖాళీ బ్యాలెట్ చూసి కారణం చెప్పలేం. అందుకే బ్యాలెట్ డేటా ఒక్కటీ చాలదు, మనుషులను అడగాలి.

అడగడంలో ఒక మోసం ఉంది. "మీకు అర్థమైందా?" అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. మొహమాటం. న్యూయార్క్‌లో 2021లో ఎడిసన్ రీసెర్చ్ చేసిన ఎగ్జిట్ పోల్‌లో 95 శాతం మంది బ్యాలెట్ నింపడం తేలికేనన్నారు, మేయర్ పోటీలో 83 శాతం మంది కనీసం ఇద్దరికి ర్యాంకు ఇచ్చామన్నారు. ఆ సర్వే చేయించింది ఈ పద్ధతి కోసం పోరాడిన సంస్థలే. అంతమాత్రాన అంకెలు తప్పని నేననను. కానీ "తేలికగా ఉంది" అన్నది ఓటరు అనుభూతి. సున్నాలు నింపడం ఎవరికైనా తేలికే. నింపిన దానికి అర్థం ఏమిటో తెలుసా అన్నది వేరే ప్రశ్న. ఇంకో సంగతి, ఎగ్జిట్ పోల్ అడిగేది వచ్చి ఓటేసినవాళ్లను. భయపడి ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు అందులో ఉండరు.

నేను రాశానన్న రిపోర్టు సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక చిన్న సంస్థ తరఫున లైబ్రరీ బేస్‌మెంటులో, గుడి హాల్లో, అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ రూముల్లో మీటింగులు పెట్టాం. నగర ప్రభుత్వం అప్పటికే పిజ్జా మీద ఏం వేసుకుంటారో ర్యాంకు ఇమ్మని నమూనాలు చూపిస్తోంది. మన వాళ్లకు పిజ్జా దేనికని నేను టిఫిన్ బ్యాలెట్ తయారు చేశాను: ఇడ్లీ, దోశ, పెసరట్టు, ఉప్మా, పూరీ. అడ్డంగా ఒకటి నుంచి ఐదు. ఒక ఆదివారం గుడి హాల్లో ముప్పై మంది దాకా వచ్చారు. నవ్వులు, కేకలు, ఉప్మాకి ఆఖరి ర్యాంకు ఇచ్చినందుకు ఒకాయన్ని వాళ్లావిడ కోప్పడ్డం. లెక్క చేసి చూపించాం, ఇడ్లీ గెలిచింది. చప్పట్లు. చివర్లో "అర్థమైందా?" అంటే అందరూ చేతులెత్తారు. నేను రిపోర్టులో "హాజరైనవారందరికీ అవగాహన కలిగింది" అని రాసి పంపేశాను.

ఆ కాగితాలు పారేయకుండా ఇంటికి తెచ్చాను. అది మాత్రం మంచి పని చేశాను. రెండు వారాల తర్వాత తీరిగ్గా చూస్తే ఒకదాని మీద దోశ, దోశ, దోశ, దోశ, దోశ. ఎవరిదో నాకు తెలుసు, తర్వాతి వారం గుడిలో కనిపిస్తే అడిగాను. "నాకు దోశే కావాలి బాబూ. మరి గట్టిగా చెప్పాలిగా, అందుకే ఐదుసార్లు పెట్టా" అంది. ఆవిడ తర్కంలో తప్పేముంది? గట్టిగా కావాలంటే గట్టిగా అడగాలి. మేం ఎక్కడా "ఐదుసార్లు పెడితే బలం పెరగదు" అని చెప్పలేదు. మాకు తట్టలేదు.

ఇంకో కాగితం మొదట చూస్తే ఏ తప్పూ లేదు. ఐదు గడులూ నింపి ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ర్యాంకు. కానీ అది రాసిన పెద్దాయన రోజూ మా ఎదురుగా కూర్చుని పెసరట్టు తినే మనిషి, కాగితంలో పెసరట్టుకి ఐదు! ఫోన్ చేసి అడిగితే, "ఐదు అంటే ఫైవ్ స్టార్ కదండీ" అన్నారు. ఆన్‌లైన్‌లో హోటళ్లకూ డ్రైవర్లకూ రేటింగ్ ఇచ్చే అలవాటు. తనకు అందరికంటే ఇష్టంలేని మనిషికి మొదటి ఓటు వేసి వచ్చేవాడన్నమాట. ఈ తప్పు ఏ కాస్ట్ వోట్ రికార్డులోనూ కనబడదు. స్కానర్ బీప్ కొట్టదు. ఎగ్జిట్ పోల్‌లో అడిగితే "చాలా తేలిక" అంటాడు. మనిషి ఇష్టం ముందే తెలిసి, కాగితంతో పోల్చి చూస్తేనే దొరుకుతుంది.

అప్పట్నుంచి నమూనా బ్యాలెట్‌కి ఒక మార్పు చేశాను. పైన "మీరు మామూలుగా హోటల్‌కి వెళ్తే మొదట ఏం అడుగుతారు?" అని ఒక గీత, కింద బ్యాలెట్. ఆ రెండూ కలవకపోతే ఆ మనిషి ఎక్కడో పొరబడ్డట్టే. ఇది మీరు ఖర్చు లేకుండా చేయగల కొలత. ఇంత చవకైనది నాకు ఇంకోటి దొరకలేదు. పిజ్జా టాపింగ్‌ల నమూనాలో ఇంకో లోపం కూడా ఉంది: పిజ్జా మీద నాలుగైదు రకాలు కలిపి వేసుకోవచ్చు, మేయర్ కుర్చీలో ఒక్కరే కూర్చుంటారు. టిఫిన్‌కి కూడా "ఈ రోజు ఇంట్లో అందరికీ ఒకటే వండుతారు" అని ముందే చెప్పకపోతే అదే గందరగోళం.

మన వాళ్లకు అన్నిటికంటే బాగా ఎక్కిన పోలిక టిఫిన్ కాదు, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు. పిల్లల పక్కన కూర్చుని కాలేజీల వరస పెట్టిన తల్లిదండ్రులకు సగం పాఠం ముందే వచ్చు. మొదటి కాలేజీ దొరక్కపోతేనే రెండోది చూస్తారు, రెండోది పెట్టినందుకు మొదటిదానికి నష్టం రాదు, ఒకే కాలేజీని ఐదుసార్లు పెట్టి లాభం లేదు. ర్యాంకు ఒకటి అంటే పైన అన్నది కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. పూర్తి పోలిక కాదనుకోండి, అక్కడ సీటు మీ ర్యాంకుని బట్టి వస్తుంది. అయినా "నా రెండో ఓటు నా మొదటివాడిని ముంచుతుందా?" అన్న భయం పోవడానికి చాలు. ఆ భయమే అసలు కొలవాల్సింది.

అందుకని "అర్థమైందా" తీసేసి ఇలా అడగండి. రెండో ర్యాంకు ఇస్తే మొదటివాడికి నష్టమా? ఒక్కరికే వేస్తే ఓటు చెల్లుతుందా? మీరు మొదట పెట్టిన మనిషి తప్పుకుంటే మీ ఓటు ఏమవుతుంది? ఒకే పేరు అన్ని వరసల్లో పెడితే? నాలుగు ప్రశ్నలు, నాలుగు నిమిషాలు. మీటింగు మొదలుకాక ముందు ఒకసారి, అయ్యాక రెండు మూడు వారాలకు ఫోన్లో ఒకసారి. మీటింగు చివర్లో అడగొద్దు. అప్పుడు చెవిలో మీ మాటే మోగుతుంటుంది, జవాబులన్నీ బ్రహ్మాండంగా వస్తాయి. కావలసింది ఓటు వేసే రోజుకి మిగిలేది.

పోల్చడానికి మీ మీటింగుకి రానివాళ్లు కూడా కావాలి. వచ్చినవాళ్లు మామూలుగానే ఆసక్తి ఉన్నవాళ్లు, మీరు చెప్పకపోయినా ఎక్కడో నేర్చుకునేవాళ్లే. మీకు పది చోట్ల మీటింగులు పెట్టే డబ్బుంటే, చీటీలు తీసి ఐదు చోట్ల నెల ముందు, మిగతా ఐదు చోట్ల ఆఖరి వారం పెట్టండి. మధ్యలో రెండు గుంపులకూ అవే నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరికీ అన్యాయం జరగదు, మీకు నిజమైన తేడా దొరుకుతుంది. పోలింగ్ కేంద్రాల వారీ డేటాతో మాత్రం తెలుగువాళ్ల మీద తీర్పులు ఇవ్వకండి. ఒక్కో కేంద్రంలో మనవి పది ఇళ్లుంటే ఎక్కువ, ఆ అంకెల్లో మన ఉనికే కనబడదు.

భాష విషయం. సాన్‌ఫ్రాన్సిస్కోలో 2004 నుంచి ఈ పద్ధతి ఉంది. అక్కడి స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఏళ్ల తరబడి బ్యాలెట్ డేటా చూసి, నల్లజాతివాళ్లు, లాటినోలు, వయసు మళ్లినవాళ్లు, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న పేటల్లో ఓవర్‌వోట్ ఎక్కువని తేల్చారు. నగరం మొత్తం సగటు బాగుందని రాస్తే ఈ పేటలు దాని కింద మునిగిపోతాయి. మన సంగతైతే ఇంకా విచిత్రం. అమెరికా ఓటుహక్కు చట్టం ప్రకారం క్వీన్స్‌లో "ఏషియన్ ఇండియన్" వర్గానికి భాషాసాయం ఇవ్వాలని ఉంది, అందుకు ఎంచుకున్న భాష బెంగాలీ. బెంగాలీవాళ్లకు అది అవసరమే, నేను కాదనను. కానీ తెనాలి నుంచి పిల్లల దగ్గరికి వచ్చి సిటిజన్‌షిప్ తీసుకున్న బామ్మగారికి బెంగాలీ బ్యాలెట్ ఇంగ్లీషు బ్యాలెట్ కంటే ఏ విధంగానూ దగ్గర కాదు. తెలుగులో చెప్పేది మీరొక్కరే. మీ రిపోర్టులో "మేం లేకపోతే వీళ్లకు ఈ సంగతి ఏ భాషలో చేరేది" అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి, మీ గ్రాంటుకి అసలు సమర్థన అదే.

కలుపుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది: ఎప్పుడు ర్యాంకులు ఉండవో కూడా నేర్పారా? న్యూయార్క్‌లో ర్యాంకులు ప్రైమరీలకూ, మధ్యలో ఖాళీ పడ్డ పదవికి జరిగే ప్రత్యేక ఎన్నికలకూ మాత్రమే. నవంబరు ఎన్నికలో ఒక్క పేరే. 2025 జూన్ మేయర్ ప్రైమరీలో ఓడిన ఆండ్రూ కోమో నవంబరులో స్వతంత్రంగా నిలబడ్డాడు, ప్రైమరీ గెలిచిన జొహ్రాన్ మమ్దానీ, రిపబ్లికన్ కర్టిస్ స్లీవా ఎదురుగా ఉన్నారు. మా వీధిలో ఒక ఆంటీ బయటికొచ్చి, "ఈసారి రెండో ర్యాంకు గడి ఇవ్వలేదేం? మెషీన్ పాడైందా?" అని అడిగింది. జూన్‌లో మేం బాగానే నేర్పించామన్నమాట. నవంబరు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పైగా న్యూయార్క్‌లో పార్టీలో నమోదు అయినవాళ్లకే ప్రైమరీ ఓటు. ర్యాంకులు పూర్తిగా నేర్చుకుని, ఏ పార్టీలోనూ నమోదు కాలేదని పోలింగ్ కేంద్రం నుంచి వెనక్కి వచ్చినవాళ్లను చూశాను. మీ నగరంలో ప్రైమరీ లేకపోతే ఈ తలనొప్పి మీకు లేదు.

ఫలితాల రాత్రి ఏమవుతుందో నేర్పారా అన్నది కూడా కొలవండి. 2021 జూన్ 29న న్యూయార్క్ ఎన్నికల బోర్డు ర్యాంకుల లెక్క బయటపెట్టింది, కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకుంది. కంప్యూటర్‌లో పరీక్ష కోసం పెట్టిన దాదాపు లక్షా ముప్పై ఐదు వేల నమూనా బ్యాలెట్లు తీసేయడం మర్చిపోయి అసలువాటితో కలిపి లెక్కేశారు. తప్పు లెక్కింపు సిబ్బందిది, పద్ధతిది కాదు. మా వాళ్లలో చాలామందికి ఆ తేడా తెలియలేదు, "ర్యాంకుల ఓటు అంతా గోల్‌మాల్" అని స్థిరపడిపోయారు. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 2022 స్కూల్ బోర్డు పోటీలో ఇంకా ఘోరం. మొదటి గడి ఖాళీగా వదిలిన బ్యాలెట్లను సాఫ్ట్‌వేర్ సెట్టింగు తప్పుగా లెక్కేసింది, అభ్యర్థి గెలిచినట్టు ప్రకటించి ప్రమాణం కూడా చేయించాక అసలు గెలిచింది వేరే మనిషని తేలింది. అదే ఓక్లండ్‌లో 2010లో మొదటి ఓట్లలో దాదాపు తొమ్మిది శాతం వెనకబడిన జీన్ క్వాన్ చివరికి మేయరయ్యింది. అందులో తప్పేమీ లేదు, పద్ధతి అలాగే పనిచేస్తుంది. ఈ రెండూ ఒకటి కాదని మీ ఓటరు చెప్పగలడా? నింపడం నేర్పడానికి పది నిమిషాలు చాలు, ఇది చెప్పడానికి గంట పడుతుంది. ఎక్కువ కార్యక్రమాలు పది నిమిషాల భాగంతోనే ముగిసిపోతాయి.

సమయం గురించి కూడా రాయండి. న్యూయార్క్ ఓటర్లు ఈ మార్పుని 2019 నవంబరులో 73 శాతానికి పైగా మద్దతుతో ఆమోదించారు. అప్పటి మేయర్ 15 మిలియన్ డాలర్ల ఓటరు అవగాహన ప్రచారం ప్రకటించింది 2021 ఏప్రిల్ చివర్లో, ప్రైమరీకి రెండు నెలల ముందు. మధ్యలో కోవిడ్ ఉందన్నది నిజమే. అవగాహన చాలలేదు, వాయిదా వేయండని కొందరు కౌన్సిల్ సభ్యులు 2020 డిసెంబరులోనే కోర్టుకి వెళ్లారు, కోర్టు ఆపలేదు. మీ డబ్బు ఏ నెలలో చేతికొచ్చిందో మొదటి పేజీలోనే పెట్టండి, ఆలస్యమైతే ఆ నింద మీ మీద పడకూడదు.

మంచి ఫలితం వచ్చినా అంతా మీ ఖాతాలో వేసుకోకండి. 2025 ప్రైమరీలో మమ్దానీ, ఆయన ప్రత్యర్థి బ్రాడ్ లాండర్ ఒకరికొకరు మద్దతు ప్రకటించుకుని "నన్ను మొదట, అతన్ని రెండో" అని ఊరంతా తిరిగారు. కోమోకి అసలు ర్యాంకే ఇవ్వొద్దని ఇంకో ప్రచారం. ఏ లైబ్రరీ మీటింగూ అంతమందికి రెండో ర్యాంకు ఎందుకో చెప్పలేదు. 2021లో మేయర్ అభ్యర్థులు యాంగ్, గార్సియా ఆఖరి రోజుల్లో కలిసి తిరిగినప్పుడూ అంతే. అందుకే ఫోన్ చేసినప్పుడు ఐదో ప్రశ్నగా "ఈ సంగతి మీకు మొదట ఎవరు చెప్పారు?" అని అడగండి. అభ్యర్థి, మనవడు, టీవీ, వాట్సాప్, మీరు. ఆ వరసలో మీరు కింద ఉన్నా దాచకండి. మా లెక్కలో మనవళ్లే ముందున్నారు, తర్వాతి ఏడాది మీటింగులు కాలేజీ పిల్లలతో మొదలుపెట్టాం.

రిపోర్టు ఫారంలో "హాజరైనవారి సంఖ్య" గడి తప్పకుండా ఉంటుంది, నింపండి. దాని వెనక నమూనా బ్యాలెట్ల కట్ట, పేర్లు చెరిపేసి, జతచేయండి. దోశ ఐదుసార్లు వచ్చిన కాగితం మాత్రం అందరికంటే పైన పెట్టండి. నేను రెండోసారి రిపోర్టు ఇచ్చినప్పుడు అలాగే పెట్టాను. గ్రాంటు ఆఫీసరు ఆ ఒక్క కాగితం గురించే ముప్పావుగంట అడిగింది.